ఉత్తరాంధ్ర పల్లెల్లో స్వచ్ఛంద వైద్యసేవ: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్ 4న ఆ రెండింటి నుంచి విడివడి ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనూ సేవ చేయాలని దేశవిదేశాల నుంచి వైద్యులు, నర్సులు, ఇంజినీర్లు, ఇతర వృత్తినిపుణులు తరచుగా అడుగుతుంటారు. వారిలో చాలామంది ఈ నేల బిడ్డలే. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి విదేశాల్లో స్థిరపడినవారు కొందరైతే, తాతల ఊరు పేరు మాత్రమే తెలిసిన రెండో తరం వారు మరికొందరు. వారు అడిగే ప్రశ్నలకు మా అనుభవం మేరకు సమాధానాలను ఇక్కడ పొందుపరిచాము.

విదేశీ వైద్యులు ఇక్కడికి వచ్చి సేవ చేయడం కొత్త విషయమా?

కాదు. ఉద్దానం ప్రాంతంలోని సోంపేటలో ఆరోగ్యవరం ఆసుపత్రి కెనడా బాప్టిస్టు మిషన్ వైద్యుల చేతుల మీదుగా ఎదిగింది. అక్కడ కంటి వైద్యం చేసిన డాక్టర్ బెన్ గలిసన్ కెనడాలోని కాల్గరీకి వెళ్ళినప్పుడు, అక్కడి వ్యాపారవేత్త ఆర్ట్ జెంకిన్స్‌కు ఇక్కడి అంధుల పరిస్థితిని వివరించారు. దాని ఫలితంగా 1963లో ఏర్పడిన ఆపరేషన్ ఐసైట్ సంస్థ తరువాతి కాలంలో ఇతర దేశాలకూ విస్తరించింది. అంటే సోంపేటలో పుట్టిన అవసరమే ఒక ప్రపంచస్థాయి కంటి వైద్య సంస్థకు కారణమైంది. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రికి కూడా ఇలాంటి సుదీర్ఘ చరిత్రే ఉంది. మత ప్రచారంతో ముడిపడిన ఆనాటి సేవపై ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. అయితే ఆ వైద్యులు ఇక్కడే ఏళ్ళ తరబడి నివసించారనీ, భాష నేర్చుకున్నారనీ, ఆపరేషన్ చేసిన రోగిని మళ్ళీ మళ్ళీ చూడగలిగారనీ గుర్తించాలి. నేడు రెండు వారాల సెలవుపై వచ్చే వైద్యునికి ఆ వెసులుబాటు లేదు కాబట్టి, ఆ లోటును పూడ్చే ఏర్పాటు ముందుగానే చేసుకోవలసి ఉంటుంది.

ఇక్కడ ఆసుపత్రులు లేవా?

ఉన్నాయి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల, రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మిమ్స్ అనే ప్రైవేటు వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇవికాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, విలేజ్ హెల్త్ క్లినిక్‌లు, ఇంటింటికీ వెళ్ళే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఉన్నారు. కాబట్టి ‘ఏమీ లేని చోటికి వెళుతున్నాము’ అనే భావనతో ఎవరూ బయలుదేరకూడదు. భవనం ఉండి నిపుణుడు లేకపోవడం, నిపుణుడు ఉన్నా రోగి కూలి మానుకొని రాలేకపోవడం, వచ్చినా రెండోసారి చూపించుకోకపోవడం ఇక్కడి అసలు సమస్యలు. స్వచ్ఛంద సేవకుల అవసరం ఉన్నది ఈ మూడు చోట్లనే.

ప్రపంచ ఆరోగ్య రంగానికీ ఉద్దానం కిడ్నీ వ్యాధికీ సంబంధం ఏమిటి?

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలతో కూడిన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల నీడన బతికే రైతులు, కూలీలు, తీరం వెంట మత్స్యకారులు దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నారు. సాధారణంగా మూత్రపిండాలు దెబ్బతినడానికి మధుమేహం, రక్తపోటు ప్రధాన కారణాలు. ఉద్దానంలో ఆ రెండూ లేనివారికి కూడా వ్యాధి వస్తోంది. మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు, కాళ్ళ వాపు కనిపించదు, రోగికి చాలాకాలం ఏ బాధా తెలియదు. తెలిసేసరికి మూత్రపిండాల పనితీరులో అధికభాగం పోయి ఉంటుంది.

ఇదే తీరు వ్యాధి శ్రీలంకలోని ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లోనూ, మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కోత కూలీల్లోనూ ఉంది. ఎండలో గంటల తరబడి శ్రమ, చాలినంత నీరు తాగకపోవడం, తాగునీటిలోని రసాయనాలు, పురుగుమందులు, నొప్పి మాత్రల వాడకం, జన్యుకారణాలు వంటివాటిని పరిశోధకులు పరిశీలిస్తున్నారు. ఇదే కారణమని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. కొందరు వక్తలు సభావేదికపై ‘నీళ్ళే కారణం’ అని తేల్చేస్తుంటారు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి వంశధార నీటిని తెచ్చిన పథకం అవసరమైనదే. అయితే సురక్షితమైన నీరు ప్రజల హక్కు కాబట్టి దానిని ఇవ్వాలి. వ్యాధికి కారణం తేలిపోయిందని ప్రజలకు చెప్పడం వేరే సంగతి, అది తప్పు.

నికరాగ్వా చెరకు తోటల్లో పనివారికి నీరు, నీడ, విశ్రాంతి సమయానికి అందేలా పని పద్ధతులను మార్చి ఫలితాలను పరిశీలించారు. ఆ పని తెలిసిన వృత్తి ఆరోగ్య నిపుణుడు ఒకరు వచ్చి, జీడిపిక్కలు ఏరే కూలీలతోనూ తోటల యజమానులతోనూ మాట్లాడగలిగితే, అది నాలుగు సాధారణ శిబిరాల కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మేము ఒక్కరోజు ఉచిత వైద్య శిబిరం పెట్టవచ్చా?

ఈ ప్రశ్నే అన్నింటికంటే ఎక్కువగా వస్తుంది. చట్టప్రకారం అనుమతి దొరుకుతుంది. కానీ ఒక్కరోజుతో ముగిసే సాధారణ శిబిరాలను మేము ప్రోత్సహించము. కారణాలు వైద్యశాస్త్రంలోనే ఉన్నాయి.

ఒక మనిషికి దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఉందని నిర్ధారించడానికి, పనితీరు లోపం కనీసం 3 నెలలపాటు కొనసాగిందని తెలియాలి. శిబిరంలో ఒకసారి క్రియాటినిన్ (మూత్రపిండాలు వడపోయవలసిన వ్యర్థం రక్తంలో ఎంత ఉందో చూపే) పరీక్ష చేసి, సంఖ్య ఎక్కువగా ఉన్నదని చెప్పి పంపితే ఆ మనిషికి మిగిలేది భయం ఒక్కటే. ముందురోజు ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినవారికి కూడా ఆ సంఖ్య తాత్కాలికంగా పెరగవచ్చు. ఉద్దానంలో అక్షరం ముక్క రానివారికి కూడా క్రియాటినిన్ అనే మాట తెలుసు. ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్న కుటుంబంలో ఆ మాట చెప్పి వెళ్ళిపోయేవారు, దానివల్ల ఆ ఇంట్లో ఆ రాత్రి ఏమి జరుగుతుందో ఆలోచించాలి. కొందరు అప్పుచేసి విశాఖపట్నం వెళతారు, కొందరు ఆకు పసర్లను ఆశ్రయిస్తారు, కొందరు కూతురి సంబంధం చెడిపోతుందని ఎవరికీ చెప్పరు.

రక్తపోటు విషయమూ ఇంతే. జనసమ్మర్దంలో, ఎండలో నడిచివచ్చిన మనిషికి ఒక్కసారి చూసిన అంకెతో జీవితాంతపు మందు మొదలుపెట్టకూడదు. కనీసం మరొక రోజు మళ్ళీ చూడాలి. నిజంగా రక్తపోటు ఉన్నట్లయితే ఎమ్లోడిపిన్, టెల్మిసార్టన్ వంటి సాధారణ మందులతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చికిత్స సాగుతుంది. శిబిరం వైద్యుడు తనకు అలవాటైన ఖరీదైన మిశ్రమ మాత్రను రాసి ఇస్తే, పది రోజుల తరువాత రోగి దానిని కొనలేడు, కేంద్రంలో ఇచ్చే మాత్ర అదే పనిచేస్తుందని నమ్మడు. చివరికి రెండూ మానేస్తాడు.

అందువల్ల శిబిరం పెట్టదలచినవారిని మేము మూడు విషయాలు అడుగుతాము. ఆ మండలపు వైద్యాధికారి మీతో కూర్చుంటున్నారా? తేడా కనిపించినవారిని 3 నెలల తరువాత తిరిగి పరీక్షించేది ఎవరు? వారి పేర్ల జాబితా ఏ ఆశా కార్యకర్త చేతిలో ఉంటుంది? ఈ మూడింటికీ సమాధానం ఉంటే శిబిరం ఒక్కరోజుదైనా అభ్యంతరం లేదు. లేకపోతే అది బ్యానరు, శాలువా, గ్రూపు ఫోటోలతో ముగిసే కంటితుడుపు కార్యక్రమం అవుతుంది. ఇలాంటివి ఈ జిల్లాలు చాలానే చూశాయి.

విదేశంలో వైద్యుణ్ణి. ఇక్కడ రోగులను చూసి మందులు రాయవచ్చా?

భారతీయ వైద్య రిజిస్టరులో పేరు ఉన్నవారే మన దేశంలో వైద్యం చేయాలి. ఇక్కడ ఎంబీబీఎస్ చదివి విదేశాలకు వెళ్ళినవారు తమ పాత నమోదు చెల్లుబాటులో ఉన్నదో లేదో ఆంధ్రప్రదేశ్ వైద్య మండలిలో తెలుసుకొని, గడువు ముగిసి ఉంటే పునరుద్ధరించుకోవాలి. వేరే రాష్ట్రంలో నమోదైనవారు కూడా బయలుదేరే ముందే మండలిని సంప్రదించడం మంచిది. విదేశీ పౌరులైన వైద్యులకు, వారి దేశంలో నమోదు ఉన్నట్లయితే, తాత్కాలిక నమోదు ఇచ్చే అవకాశాన్ని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కల్పించింది. నమోదు లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఉచితంగా చేశామన్నది సమాధానం కాబోదు.

నమోదు ప్రక్రియకు సమయం పడుతుంది. అంతవరకు ఆగలేనివారు రోగిని స్వయంగా చూడకుండా ఇక్కడి వైద్యులకు, నర్సులకు శిక్షణ ఇవ్వవచ్చు. మా దృష్టిలో అదే ఎక్కువ విలువైనది. ఫిస్టులా (డయాలిసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపి చేసే మార్గం) సంరక్షణను డయాలిసిస్ నర్సులకు రెండు రోజులు నేర్పిన నిపుణుని సేవ, ఆయన విమానం ఎక్కిన తరువాత కూడా కొనసాగుతుంది.

పర్యాటక వీసాపై రావచ్చా? ఓసీఐ కార్డు ఉంటే సరిపోతుందా?

ఒక నెలకు మించని, ఎలాంటి ప్రతిఫలం తీసుకోని స్వచ్ఛంద సేవకు పర్యాటక వీసా నిబంధనలు అవకాశమిస్తున్నాయి. అంతకు మించితే తగిన వీసా తీసుకోవాలి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) ఉన్న వైద్యులు, దంతవైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు సంబంధిత భారతీయ చట్టాలకు లోబడి వృత్తి చేయడంలో ప్రవాస భారతీయులతో సమానులేనని 2021 మార్చి 4 నాటి కేంద్ర హోం శాఖ ప్రకటన చెబుతోంది. అయితే ఓసీఐ కార్డుదారులు పరిశోధన చేయాలన్నా, మత ప్రచారం చేయాలన్నా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. వీసా వేరు, వైద్య నమోదు వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్లు కాదు.

మా అబ్బాయి విదేశంలో వైద్య విద్యార్థి. శిబిరంలో పాల్గొనవచ్చా?

పరిశీలకుడిగా రావచ్చు. ఎత్తు, బరువు నమోదు చేయడం, వరుసలో ఉన్నవారికి సహాయపడటం, సమాచారం రాసుకోవడం వంటి పనులు చేయవచ్చు. సూది వేయడం, కుట్లు వేయడం, మందులు సూచించడం చేయరాదు. తన దేశంలో విద్యార్థిగా తనను చేయనివ్వని పనిని ఇక్కడి పేదలపై అభ్యసించాలనుకోవడం తప్పు. ఈ విషయంలో ఏ సిఫారసునూ మేము అంగీకరించము.

నేను వైద్యుణ్ణి కాను. నాకు పని ఉంటుందా?

తప్పకుండా ఉంటుంది. కొన్నిచోట్ల వైద్యుని కంటే మీ అవసరమే ఎక్కువ.

డయాలిసిస్ రోగి సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారి 4 గంటల చొప్పున యంత్రంపై పడుకోవాలి. తీర గ్రామం నుంచి కేంద్రానికి వచ్చి, తిరిగి ఇల్లు చేరేసరికి ఆ రోజంతా పోతుంది. తోడుగా వచ్చిన మనిషి కూలి కూడా పోతుంది. రోగుల ఊళ్ళను, కేంద్రాల్లో షిఫ్టులను, ఆటోల, బస్సుల సమయాలను కలిపి చూసి ఒకే దారిలో ఉన్నవారికి ఒకే షిఫ్టు వచ్చేలా పట్టిక తయారుచేయడం రవాణా ప్రణాళిక తెలిసిన వ్యక్తి చేయగల పని. దానికి స్టెతస్కోపు అక్కరలేదు.

డయాలిసిస్‌కు వాడే నీటిని శుద్ధిచేసే ఆర్వో ప్లాంటు సరిగా పనిచేయకపోతే రోగి ప్రాణానికే ముప్పు. యంత్రాల మరమ్మతు తెలిసిన బయోమెడికల్ ఇంజినీరు ఆసుపత్రి సిబ్బందికి రోజువారీ తనిఖీలను నేర్పగలరు. మూలన పడి ఉన్న ఆక్సిజన్ కాన్సంట్రేటరును బాగుచేయడం కొత్తది విరాళం ఇవ్వడంతో సమానమే. పోషకాహార నిపుణులు కిడ్నీ రోగులకు ఆహార నియమాలను ఇక్కడి వంటకు తగినట్లు రూపొందించాలి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ కాబట్టి వ్యాధి ముదిరినవారు వాటిని తాగకూడదని, కొబ్బరిచెట్టు పెరట్లోనే ఉన్న మనిషికి నచ్చజెప్పడం ఇంగ్లీషు కరపత్రంతో అయ్యే పని కాదు. ఎండుచేపల్లోని ఉప్పు సంగతీ అంతే. ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు, ఆప్టోమెట్రిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, గణాంక నిపుణులు, పద్దులు రాయగల అకౌంటెంట్లు, పింఛను దరఖాస్తులు నింపిపెట్టగల రిటైర్డు ఉద్యోగులు అందరికీ స్థానం ఉంది.

దూరం నుంచే టెలీమెడిసిన్ ద్వారా సేవ చేయవచ్చా?

భారతీయ రిజిస్టరులో ఉన్న వైద్యులు 2020 మార్చి 25 నాటి టెలీమెడిసిన్ మార్గదర్శకాలకు లోబడి రోగికి సలహా ఇవ్వవచ్చు. ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ఆరోగ్య కేంద్రాల స్థాయిలో 2019 నవంబరులో మొదట ఆంధ్రప్రదేశ్‌లోనే ప్రారంభమైంది కాబట్టి ఇక్కడి సిబ్బందికి ఆ పద్ధతి కొత్త కాదు. నమోదు లేని విదేశీ నిపుణులు రోగికి నేరుగా మందు సూచించకుండా, చికిత్స చేస్తున్న ఇక్కడి వైద్యునికి తమ అభిప్రాయం చెప్పవచ్చు. తుది నిర్ణయం ఇక్కడి వైద్యునిదే. నెలకు ఒక నిర్ణీత రోజున, నిర్ణీత వేళకు క్రమం తప్పకుండా తెరపైకి వచ్చే నెఫ్రాలజిస్టు (మూత్రపిండాల వైద్య నిపుణుడు), ఏడాదికొకసారి వచ్చి వందమందిని చూసే నెఫ్రాలజిస్టు కంటే ఎక్కువ ఉపయోగపడతారు.

ఏ నెలల్లో రావడం మంచిది?

చాలామంది డిసెంబరు, జనవరి సెలవుల్లో వస్తారు. వాతావరణం బాగుంటుంది, సంక్రాంతికి వలస వెళ్ళినవారూ ఊరికి వస్తారు. కానీ పండుగ మూడు రోజుల్లో శిబిరానికి ఎవరూ రారు. మార్చి నుంచి మే వరకు జీడి కోతలు కాబట్టి ఉద్దానంలో పగటివేళ మనుషులు దొరకరు. ఆ కాలంలో పని చేయాలంటే సాయంత్రం ఆరు తరువాత చేయాలి. మత్స్యకారులను కలవాలంటే తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అనుకూలం. ఈ తీరం నుంచి చాలామంది గుజరాత్‌లోని వేరావల్ వంటి చోట్ల బోట్లలో పనికి వెళతారు. పశ్చిమ తీరంలో నిషేధం జూన్, జూలై నెలల్లో ఉంటుంది కాబట్టి వారు ఊళ్ళో దొరికేది ఆ రోజుల్లోనే.

మన్యంలో జ్వరాల కాలం వానలతో మొదలవుతుంది. సేవ అవసరం అప్పుడే ఎక్కువ, దారులు కష్టమయ్యేదీ అప్పుడే. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తితిలీ తుఫాను ఉద్దానం తోటలను నేలమట్టం చేసినప్పుడు బయటి నుంచి ఎంతోమంది వచ్చారు. అలాంటి వేళ ముందస్తు సమాచారం లేకుండా వచ్చే బృందం తన తిండి, నీరు, పడక తానే తెచ్చుకోవాలి. లేకపోతే బాధితులపైనే భారం పడుతుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగే వారంలో ఆ చుట్టుపక్కల ఏ కార్యక్రమమూ పెట్టవద్దు.

మందులు, పరికరాలు తీసుకురావచ్చా?

తీసుకురావద్దని మా మనవి. విదేశీ పేరుతో ఉన్న మాత్ర అయిపోయిన తరువాత ఇక్కడ దొరకదు, పెట్టెపై ఉన్న భాషను రోగి చదవలేడు, గడువు దగ్గరపడిన మందులను వదిలించుకోవడం ఆరోగ్య కేంద్రానికి మరో తలనొప్పి. దిగుమతి నిబంధనలు కూడా ఉన్నాయి. ప్రభుత్వ సరఫరాలో ఉన్న మందులనే రాయండి. లేని మందు తప్పనిసరి అయితే జన ఔషధి కేంద్రంలో దొరికే జనరిక్ పేరు రాయండి. వాడిన వైద్య పరికరాల దిగుమతిపై కఠినమైన ఆంక్షలు ఉన్నాయి కాబట్టి మీ ఆసుపత్రి తీసివేసిన యంత్రాన్ని ఓడలో పంపే ముందు మాకు రాయండి.

ఒక హెచ్చరిక ప్రత్యేకంగా చెప్పాలి. చేతిలో ఇమిడే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని సంచిలో వేసుకొని పల్లెకు వెళ్ళడం నేరం కావచ్చు. గర్భస్థ లింగనిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం ప్రకారం నమోదైన కేంద్రంలో, నమోదైన యంత్రంతో, అర్హులైనవారు మాత్రమే స్కానింగ్ చేయాలి. మీరు చూడదలచినది మూత్రపిండాన్నే అయినా ఈ నిబంధన వర్తిస్తుంది.

శిబిరంలో కంటి ఆపరేషన్లు చేయవచ్చా?

చేయరాదు. పాఠశాల గదుల్లో శుక్లాల ఆపరేషన్లు చేసిన కాలం పోయింది. పల్లెలో పరీక్ష మాత్రమే చేసి, ఆపరేషన్ అవసరమైనవారిని వాహనంలో ఆసుపత్రికి తీసుకువెళ్ళి, ఆపరేషన్ తరువాత ఇంటికి చేర్చి, నిర్ణీత రోజున తిరిగి చూసే పద్ధతే ఇప్పుడు అనుసరించాలి.

శిబిరంలో వాడిన సూదులు, దూది ఏమి చేయాలి?

2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు శిబిరాలకూ వర్తిస్తాయి. రంగుల వారీగా వేరుచేసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా శుద్ధి కేంద్రానికి చేర్చాలి. గ్రామ చెరువు గట్టున తగలబెట్టకూడదు.

ఆర్ఎంపీలతో ఎలా వ్యవహరించాలి?

పల్లెల్లో అర్ధరాత్రి తలుపు తడితే పలికేది ఆర్ఎంపీయే. వారికి వైద్య నమోదు లేదు, వారు చేసేదాన్ని చట్టం అంగీకరించదు. ఆ మాట నిజమే. అయితే ఉద్దానంలో డైక్లోఫెనాక్ వంటి నొప్పి సూదులు, మాత్రలు ఎక్కువగా వాడటం దెబ్బతిన్న మూత్రపిండాలకు మరింత హాని చేస్తుంది. ఆ వాడకం తగ్గాలంటే ఆ సూది వేసే మనిషితో మాట్లాడక తప్పదు. సభలో అవమానిస్తే ఆయన మీ ఎదుట తలూపి, మరునాడు అదే సూది వేస్తారు. విడిగా కూర్చొని, నొప్పికి పారాసిటమాల్ ఇవ్వవచ్చనీ, క్రియాటినిన్ పరీక్ష లేకుండా నొప్పి సూదులు వేయవద్దనీ, ఏ లక్షణం కనిపిస్తే రోగిని వెంటనే పంపాలో చెప్పండి. ఆయనకు చికిత్సలో శిక్షణ ఇచ్చామని ధ్రువపత్రాలు మాత్రం ఇవ్వవద్దు. అవి మరునాటికి గోడమీద ఫ్రేములో కనిపిస్తాయి.

మన్యం గ్రామాల్లో తెలుగు సరిపోతుందా?

కొంతవరకే. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలో సవర, జాతాపు, గదబ తెగలవారు ఉంటారు. జాతాపుల్లో తెలుగు మాట్లాడేవారు ఎక్కువ. కొండ మీది సవర గూడేల్లో వృద్ధులకు, ముఖ్యంగా స్త్రీలకు, సవర భాషలోనే చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ భాషను నేర్చుకొని దానికి నిఘంటువు కూర్చిన నేల ఇది. మనం కనీసం ఒక దుబాసీని వెంట తీసుకువెళ్ళాలి. ఆ దుబాసీ రోగి భర్తో, కొడుకో కాకుండా చూసుకోండి. స్త్రీల సమస్యలు వారి ముందు బయటకు రావు.

ఇక్కడ వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ అనే రక్తకణాల వ్యాధి పరీక్షలకు ప్రాధాన్యం ఉంది. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్ళ లోపువారికి పరీక్షలు జరుగుతున్నాయి. ప్రాథమిక పరీక్షలో తేలినదాన్ని ప్రయోగశాలలో నిర్ధారించకుండా ఎవరికీ రోగమని చెప్పవద్దు. లక్షణవాహకులకు (వ్యాధి లేకున్నా దాని జన్యువును మోసేవారికి) పెళ్ళి సంబంధాల గురించి చెప్పే మాట మరీ జాగ్రత్తగా ఉండాలి. దారి లేని గూడేల నుంచి గర్భిణులను డోలీలో మోసుకురావలసి రావడం ఇప్పటికీ వార్తల్లో చూస్తున్నాము. కాన్పు తేదీకి ముందే వారిని కిందికి తెచ్చి ఉంచే వసతి గృహాల వద్ద ఒక నర్సు స్వచ్ఛందంగా నెల రోజులు ఉండగలిగితే ఎంతో మేలు.

మేము పరిశోధన కోసం రక్తనమూనాలు సేకరించవచ్చా?

పరిశోధనలను పరిశీలించే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి లేకుండా ఒక్క బొట్టు కూడా సేకరించరాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు దీనికి ఆధారం. విదేశీ నిధులు, విదేశీ భాగస్వాములు ఉంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలన సంఘం ఆమోదం కూడా కావాలి. నమూనాలను దేశం దాటించడానికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. ఉద్దానం ప్రజలు ఇప్పటికే ఎన్నో బృందాలకు రక్తం, మూత్రం, నీటి సీసాలు ఇచ్చారు. ‘ఫలితం మాకు చెప్పలేదు’ అన్నది వారి ప్రధానమైన ఫిర్యాదు, అది న్యాయమైనది. చికిత్స పేరుతో వచ్చి పరిశోధన చేయడాన్ని మేము అనుమతించము. పరిశోధన చేసేవారు ప్రతి వ్యక్తి ఫలితాన్ని తెలుగులో రాసి వారి చేతికి ఇస్తామని ముందే ఒప్పుకోవాలి.

డబ్బు పంపవచ్చా?

భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి సాధారణ బ్యాంకు మార్గంలో పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే. దానిని 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన సంస్థ, న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతా ద్వారానే తీసుకోవాలి. 2020 సవరణ తరువాత ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడానికి వీలులేదు. ‘నా స్నేహితుని ఖాతాలో వేస్తాను, మీరు తీసుకోండి’ అనే ప్రతిపాదనలను దయచేసి చేయవద్దు.

రోగిని పెద్దాసుపత్రికి పంపవలసి వస్తే?

చీటీ రాసి ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. అత్యవసరమైతే 108కు ఫోన్ చేయించండి. కాకపోతే ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఆ చికిత్స ఉందో లేదో, ఏ ఆసుపత్రిలో ఉందో ముందుగా తెలుసుకొని, అక్కడ ఆరోగ్యమిత్రగా అందరికీ తెలిసిన ఉద్యోగికి ఫోన్ చేసి, రోగి కార్డు, ఆధార్ వెంట ఉన్నాయో చూడండి. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళిన పల్లె మనిషి ఏ ఓపీ ఎక్కడో తెలియక, సాయంత్రం రైలుకు తిరిగి రావడం మామూలే. అక్కడ తోడు నిలబడగల ఒక స్వచ్ఛంద కార్యకర్త పేరు, ఫోన్ నంబరు చీటీ వెనుక రాయండి.

బస, ఖర్చులు ఎవరివి?

ప్రయాణం, బస, బీమా ఖర్చులు వచ్చేవారివే. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లు హౌరా, చెన్నై రైలు మార్గంలోనే ఉన్నాయి, జాతీయ రహదారి 16 కూడా పక్కనే ఉంది. పట్టణంలో లాడ్జిలు దొరుకుతాయి. గ్రామంలో ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే ఒక్క ఇంటికే కాకుండా వీలైనన్ని వాడలకు వెళ్ళండి. పెద్దరైతు ఇంట్లోనే మకాం పెట్టిన బృందం దగ్గరకు దళితవాడ నుంచి, మత్స్యకారుల పేట నుంచి రోగులు రావడానికి వెనుకాడతారు. శిబిరం స్థలాన్ని కూడా ఈ దృష్టితోనే ఎంచుకోవాలి.

ఫోటోలు తీసుకోవచ్చా?

రోగి ముఖం కనిపించే ఫోటో వద్దు. అడిగితే కాదనలేని స్థితిలో ఉన్న మనిషి ఇచ్చిన అనుమతిని మేము అనుమతిగా భావించము.

ఒకసారి వచ్చి సేవ చేసిన తరువాత మళ్ళీ రాలేకపోతే?

అది సహజం. ఉద్యోగాలు మారతాయి, తల్లిదండ్రులు పెద్దవారవుతారు. మీరు చూసిన ప్రతి రోగి వివరాన్ని తెలుగులో, అందరికీ అర్థమయ్యే చేతిరాతతో లేదా టైపుచేసి, రెండు ప్రతులు తయారుచేయండి. ఒకటి రోగి చేతికి, మరొకటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి ఇవ్వండి. తదుపరి పరీక్ష తేదీని, చూడబోయే వైద్యుని పేరును రోగికి మీరే చెప్పండి, ఆశా కార్యకర్త పక్కన ఉండగా చెప్పండి. మీ స్థానంలో రాగల సహవైద్యుడు ఎవరైనా ఉంటే, మీరు ఉన్నప్పుడే ఒకసారి వెంట తీసుకువచ్చి ఇక్కడి సిబ్బందికి పరిచయం చేయండి. వెళ్ళే ముందు రోజు వైద్యాధికారితో ఒక గంట కూర్చొని, ఎవరెవరికి పరీక్షలు మిగిలాయో ఒక్కొక్క పేరు చదివి అప్పగించిన తరువాతే మీ సేవాకాలం ముగిసినట్లు మా రిజిస్టరులో రాసుకుంటాము.